పొయ్యి దేవుడు పైకి వెళ్ళే రోజు

పోయిన శనివారం చైనా సరుకుల కొట్టుకు వెళ్ళాం. వాళ్ళ కొత్త సంవత్సరం దగ్గర పడింది కాబట్టి కొట్టంతా ఎర్రగా ఉంది. కాగితం లాంతర్లు, కమలాపండ్ల బుట్టలు, నువ్వులద్దిన మిఠాయి పొట్లాలు. మా అమ్మాయి ఏదో మూల నుంచి ఒక రంగు కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కాగితం మీద నల్ల గడ్డం, ఎర్ర అంగీ, బొద్దు మొహంతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఎవరమ్మా ఈ తాత?" అంది ఇంగ్లీషులో.

"పొయ్యి దేవుడు."

"ఏం చేస్తాడు?"

"చూస్తాడు."

"ఏం చూస్తాడు?"

కాగితం తీసుకుని మళ్ళీ అరలో పెట్టేశాను. అది చిన్నబుచ్చుకుంది. పాపం, దాని తప్పేం లేదు. ఆ మొహం చూడగానే మార్కమ్ ఊళ్ళో మా పాత ఇంటి వంటగది, అందులో ఒక పొద్దున గుర్తొచ్చి నాకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ వేడి తగ్గలేదు.

అప్పుడు నాకు పదేళ్ళో, పదకొండేళ్ళో. అమ్మా నాన్నా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. స్కూలు వదిలాక వాళ్ళు వచ్చేదాకా నేను పక్కింట్లో ఉండేదాన్ని. ఆ ఇంట్లో ఒక చైనా ముసలావిడ ఉండేది. వీధి పిల్లలందరం ఆమెను పోపో అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే పగలంతా ఆమె ఒక్కతే. ఆమెకు వచ్చిన ఇంగ్లీషూ నాకు వచ్చిన తెలుగూ ఇంచుమించు సమానం. అందుకేనేమో, మా ఇద్దరికీ మాటలు వెతుక్కునే అలవాటు ఉండేది, వెతుక్కోవడానికి విసుగు ఉండేది కాదు.

ఆ ఇంటి వాసన నాకిప్పటికీ తెలుసు. హీటర్ మీద ఎండబెట్టిన కమలా తొక్కలు, అగరుబత్తి, అన్నం ఉడుకుతుండగా మీద పెట్టిన తీపి సాసేజ్. మా ఇంట్లో వాసనలకు భయపడేవాళ్ళం. పోపు పెట్టేముందు అమ్మ కోట్ల అలమర తలుపు గట్టిగా మూసేది. ఇంగువ వాసన కోట్లకు పట్టి ఆఫీసుదాకా వస్తుందని. పోపో మాత్రం ఎండుచేపలు వేయించి, వీధి తలుపు బార్లా తీసేది.

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా మన పిల్లలే. బస్సులో తెలుగు, కాఫీ షాపు కౌంటర్ వెనక తెలుగు, మంచు కురుస్తుంటే స్టాప్‌లో ఒకే గొడుగు కింద ముగ్గురు తెలుగు పిల్లలు. కాలేజీల్లో చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. మా వీధిలో ఖాళీగా ఉన్న బేస్‌మెంట్ లేదు. మా బేస్‌మెంట్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. ఆమె మెట్లు దిగుతుంటే కాఫీ గింజల వాసన వచ్చేది. అప్పుడప్పుడు మిగిలిపోయిన డోనట్ టిష్యూలో చుట్టి, అమ్మ చూడకుండా నా చేతిలో పెట్టేది. నన్ను "చెల్లె" అని పిలిచేది. నాకు ఇంకెవరూ ఆ మాట అనలేదు.

బేస్‌మెంట్‌లో పొయ్యి లేదు. అక్క మా వంటగదిలోనే వండుకోవాలి. పొద్దున మేం వంట మొదలుపెట్టకముందో, సాయంత్రం మా వంటయ్యాకో. వండుకున్నది కిందికి తీసుకెళ్ళి తినాలి. ఫ్రిజ్‌లో అట్టడుగు అర ఆమెది. ఇల్లంతటికీ వేడి ఎంత ఉండాలో తిప్పే మర పైన మా హాల్లో ఉండేది. పైన మాకు సరిపోయిందంటే నాన్న తగ్గించేవాడు. కింద ఎంత చల్లగా ఉండేదంటే, అక్క కోటు తొడుక్కునే పైకి వచ్చి, కోటుతోనే కూర తిప్పేది.

అమ్మ చెడ్డమనిషి కాదు. నాకు జ్వరమొస్తే ఆఫీసు మానేసి పక్కన కూర్చునే మనిషి. కానీ ఎవరైనా అక్క సంగతి ఎత్తితే, "అద్దెకిచ్చామండీ, పెంచుకోవడం లేదుగా" అనేది గుంటూరు యాసలో నవ్వుతూ. నాన్న ఏమీ అనేవాడు కాదు. నాన్న మాట ఏ ఊరిదో తెలిసేది కాదు. టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగులా ఉండేది. ఆయన చిన్నప్పటి ఊరు గురించి నేనెప్పుడైనా అడిగితే, "పల్లెటూరు రా, ఏముంటుంది అక్కడ" అని ఊరుకునేవాడు.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పోపో వంటగది అంతా కడిగి ఉంది. పొయ్యి పైన గోడకు, పొగపట్టి నూనె మరకలైన ఒక దేవుడి పటం ఉండేది. దాని ముందు కమలాపండ్లు, చిన్న గ్లాసుతో నీళ్ళు, గుప్పెడు బీన్స్ గింజలు, నువ్వుల మిఠాయి పెట్టింది.

"ఈ నీళ్ళు ఎవరికి?" అన్నాను.

"గుర్రానికి. దేవుడికి పొడుగు ప్రయాణం ఇవాళ. పైకి వెళ్తాడు. పెద్ద రాజు ఉంటాడు అక్కడ. ఈ ఇంట్లో ఏడాదంతా ఏం జరిగిందో చెప్తాడు."

"అంతా చెప్తాడా?"

"అంతా. పొయ్యి దగ్గర అన్నీ తెలుస్తాయి. ఎవరు ఎవరికి పెట్టారు. ఎవరు పెట్టలేదు."

తేనె సీసాలో వేలు ముంచి దేవుడి మూతికి పూసింది. తీయగా మాట్లాడటానికి అంది. తర్వాత మిఠాయి విరిచి నాకిచ్చింది. అది జీళ్ళలా పళ్ళకు అతుక్కుపోయి నోరు తెరవనివ్వలేదు. నా అవస్థ చూసి పోపో పడీపడీ నవ్వింది. "చూశావా? దేవుడికి కూడా ఇంతే. చెడ్డ మాట చెప్పాలంటే నోరు రాదు!"

ఆడవాళ్ళు ఈ పూజ చేయకూడదని వాళ్ళ ఊళ్ళో అనేవారట. "మగవాళ్ళు ఆఫీసులో ఉన్నారు. గుర్రం ఎంతసేపు నిలబడుతుంది?" అంటూ పటం తీసి పెరట్లో మంచు మీద పాత మూకుడులో పెట్టి కాల్చింది. పొగ కంచె దాటి మా పెరటి మీదుగా పోయింది. కొత్త సంవత్సరం ముందు రోజు ఆయన తిరిగి వస్తాడని, అప్పుడు కొత్త పటం పెడతానని చెప్పింది.

ఆయన అసలు దేవుడెలా అయ్యాడని అడిగాను. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. వెనకటికి ఒకడు మంచి పెళ్ళాన్ని వదిలేసి ఇంకొకామెతో పోయాడట. తర్వాత ఇల్లూ పొలమూ పోయాయి, కళ్ళు పోయాయి, అడుక్కుతింటూ తిరిగాడు. ఒకరోజు ఒక ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ ఇల్లాలు లోపలికి పిలిచి కూర్చోబెట్టి వేడివేడిగా సేమ్యా వండి పెట్టింది. తింటూ, తను వదిలేసిన పెళ్ళాం గురించి చెప్పి ఏడ్చాడు. "కళ్ళు తెరిచి చూడు" అందామె. చూస్తే కనబడింది. తన పెళ్ళామే. సిగ్గుతో ఆమె మొహం చూడలేక ఎదురుగా ఉన్న పొయ్యిలోకి దూకేశాడు. ఆమె పట్టుకుని లాగితే ఒక కాలు మాత్రం చేతికొచ్చింది. ఆ కాలి పేరే వాళ్ళ ఊళ్ళో నిప్పులు ఎగదోసే కర్రకు పెట్టారట. ఆ ఇల్లాలే పొయ్యి మీద అతని పేరు రాసి పెట్టి, రోజూ ముందు అతనికి వడ్డించేదట.

"కానీ వాడు చెడ్డవాడు కదా! దేవుడిని ఎందుకు చేశారు?"

పోపో కాసేపు మాట కోసం వెతుక్కుంది. "సిగ్గుపడ్డాడు కదా" అంది.

నాకు ఆ జవాబు ఎక్కలేదు. నాకెక్కింది వేరే. "మా ఇంట్లో పటం లేదు. మా ఇంటి సంగతి ఎవరూ చెప్పరు కదా?" అన్నాను.

"పొయ్యి ఉంటే ఆయన ఉన్నట్టే. పటంతో ఏం పని?"

ఆ సాయంత్రం నుంచి నాకు వంటగదిలోకి వెళ్ళాలంటే గుబులు. పొయ్యి పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుందో స్టూలెక్కి చూశాను. అట్టడుగు అరలో అక్క పెరుగు డబ్బా. అక్క పళ్ళెం పట్టుకుని బేస్‌మెంట్ తలుపు మోచేత్తో తెరుచుకోవడం. బల్ల దగ్గర మేం ముగ్గురం, నాలుగో కుర్చీ మీద అమ్మ లాప్‌టాప్ సంచి. ఇదంతా ఆయన పైకి వెళ్ళి చెప్తే? క్రేయాన్లతో ఒక దేవుడి బొమ్మ వేసి పొయ్యి మీది పొగ గొట్టానికి అంటించి, మూతికి తేనె మెత్తాను. చాలా తేనె. పొద్దున అమ్మ పాలు పెట్టబోతే చెయ్యి అతుక్కుంది. "ఏవిటే ఈ జిగురు!" అని కేకేసింది. స్కూల్ ప్రాజెక్ట్ అన్నాను. స్కూలు పేరు చెబితే అమ్మ దేన్నీ తీయనిచ్చేది కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. నాన్న ఆఫీసు స్నేహితులు, వాళ్ళ కుటుంబాలు. పూరీలు వేయించడానికి అమ్మ అక్కను పైకి పిలిచింది. అక్క కోటు తీసి, చేతులు పైకి మడిచి, మూకుడు ముందు నిలబడింది. బల్ల దగ్గర అంకుల్స్ మాటలు వంటగదిలోకి బాగా వినబడేవి.

"ఈ స్టూడెంట్స్ వల్ల మన పేరంతా పోతోందండీ" అన్నాడొక అంకుల్. "ఫ్రీగా సరుకులిచ్చేచోట లైన్ కడుతున్నారట. సిగ్గన్నా ఉండాలి."

"మా అమ్మాయి అలాంటిది కాదులెండి" అంది అమ్మ, వంటగది వైపు చూసి గొంతు తగ్గించి.

"మా అమ్మాయి" అనేసరికి అక్క తలెత్తింది. అలాంటిది కాదన్న మాటకు మళ్ళీ మూకుడులోకి చూసింది. నాన్న గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాడు. నిండిన గ్లాసులోనే ఇంకా పోశాడు. పూరీలన్నీ అయ్యాక అక్క ఒక పళ్ళెంలో రెండు పెట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. నేను నా పూరీ తినలేదు. కడుపు నొప్పన్నాను.

తర్వాతి శనివారం పొద్దున అమ్మ కూరగాయలకు వెళ్ళింది. అక్క ఉప్మా చేసుకుంటోంది. నేను బల్ల దగ్గర పాలల్లో సీరియల్ తింటున్నాను. అక్క ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి వరంగల్‌లో వాళ్ళమ్మతో వీడియోలో మాట్లాడుతోంది. అక్కడ సాయంత్రం. తెర మీద నుదుటన పెద్ద బొట్టుతో గుండ్రటి మొహం.

"ఇంట్ల గూడ గా కోటేందే?"

"ఇక్కడ గదే ఫ్యాషన్ అమ్మా."

"మంచిగ తింటున్నవా? ఒక్కదానివే వండుకుంటున్నవా?"

"ఒక్కదాన్ని ఎందుకు వండుకుంట? ఆంటీ ఊకోదు. అందరం ఒక్కకాడ కూసునే తింటం" అంది అక్క, ఉప్మా తిప్పుతూ. నేను ఉన్నానని గుర్తొచ్చిందేమో, నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నేను గిన్నెలోకి చూశాను. సీరియల్ మెత్తబడిపోయింది.

అప్పుడే నాన్న కాఫీ కోసం వచ్చాడు. ఫోన్‌కు కనబడని వైపు నుంచి వచ్చి పొయ్యి పక్కన కప్పు అందుకున్నాడు. ఫోన్‌లో ఆ గొంతు ఇంకేదో అంది. నాన్న చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది.

"ఎవరే ఆ పక్కకు? ఇంటోళ్ళ పాపనా? చూపియ్యి."

అక్క ఫోన్‌ను నా వైపు తిప్పింది. "మా బిడ్డను మంచిగ చూస్తున్నరంట. దండాలు చెప్పు మీ అమ్మకు. మీ నాయిన పేరేంది పాపా?"

నాకు పూర్తిగా అర్థమైన ప్రశ్న అదొక్కటే. చెప్పాను.

తెర మీద ఆమె మొహం ఇంకా దగ్గరికొచ్చింది. "గా పేరుతోని ఒక పిలగాడు మా ఇంట్ల ఉండి చదువుకున్నడు. చదువు అయిపోయేదాంక నా చేతి కూడే తిన్నడు. నన్ను వదినా, వదినా అనేటోడు. అమెరికా పోయిండని విన్న. మళ్ళ ఫోనన్నా చెయ్యలే. మీదే ఊరు పాపా? మీ నాయినను పిలువు, ఒక్కసారి చూస్త."

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన అక్కడ లేడు. చూపు కిందికి దించితే కనబడ్డాడు. పొయ్యికీ అలమరకూ మధ్య, గట్టు ఎత్తుకు కిందుగా, మోకాళ్ళ మీద ముడుచుకుని కూర్చున్నాడు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మా నాన్నను నేను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు.

అక్క కూడా చూసింది. ఒక్కసారే చూసి, ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"వేరే ఆయన అమ్మా. వీళ్ళు ఆంధ్రోళ్ళు."

"అట్లనా" అంది ఆమె. "గా పిలగాడు యాడున్నడో. మంచిగుంటే అంతే చాలు."

ఫోన్ పెట్టేశాక వంటగదిలో ఉప్మా అడుగంటుతున్న వాసన. నాన్న ఓవెన్ పిడి పట్టుకుని లేచాడు. అక్క పొయ్యి ఆపి, ఆయన వైపు తిరగకుండానే, "కాఫీ పెట్టాల్నా అంకుల్?" అంది.

నాన్న కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళి పార తీసుకున్నాడు. కారు దారిలో మంచు పొద్దున్నే ఎత్తేశాడు. ఏమీ లేని నేల మీద పార గీరుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆ మధ్యాహ్నం, "ఆ అమ్మాయిని పైకి పిలువు, మనతో తింటుంది" అన్నాడు అమ్మతో. అమ్మ వింతగా చూసింది. లాప్‌టాప్ సంచి కుర్చీ మీద నుంచి తీశారు. అక్క వచ్చి అంచున కూర్చుంది. నాన్నే గరిట తీసుకుని వడ్డించాడు. నలుగురం తలెత్తకుండా తిన్నాం. మేం తిన్న భోజనాల్లో అంత కష్టంగా దిగిన భోజనం ఇంకోటి లేదు. అక్క అడగకముందే మళ్ళీ పప్పు వేస్తున్నాడు నాన్న. "చాలు అంకుల్, చాలు" అంటోంది అక్క.

తర్వాత పక్క గదిలో అమ్మా నాన్నా మాట్లాడుకోవడం విన్నాను.

"ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి ఇంత బాధెందుకండీ?"

"ఏమని చెయ్యాలె?" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన నోటివెంట వస్తే ఎవరో కొత్తమనిషి మాట్లాడినట్టుంది. "నీ బిడ్డను చలిల పెట్టిన, మా వంటైనంక పొయ్యి ఇస్తున్న అని చెప్పాల్నా?"

ఆ రోజు నుంచి వేడి తగ్గించలేదు, వంటకు వేళలు లేవు, ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిదో లేదు. కానీ అక్క గదిలోకి వస్తే నాన్న లేచి వెళ్ళేవాడు. ఆమె కిందికి దిగాక గానీ బల్ల దగ్గరికి వచ్చేవాడు కాదు. పైకి రావడమే అక్క తగ్గించుకుంది. మేం ఇచ్చినదంతా ఆమెకు బరువైందని ఆ వయసులో నాకే తెలిసింది. మంచు కరిగేనాటికి చదువు పూర్తయి, కాల్గరీలో ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నాన్న పెట్టె మోసి కారులో పెట్టాడు. పెట్టె వైపే చూసి "జాగ్రత్త" అన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత నాకూ కాల్గరీలోనే ఉద్యోగం వచ్చింది. ఎలా తెలిసిందో, అక్క ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. రెండుసార్లు ఏవో సాకులు చెప్పాను. మూడోసారి వెళ్ళాను. అక్కకు పెళ్ళయింది, సొంత ఇల్లు. హాల్లో శాలువా కప్పుకుని వాళ్ళమ్మ కూర్చుని ఉంది. వరంగల్ నుంచి చూడటానికి వచ్చిందట. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఎవల బిడ్డవో చెప్పనక్కర్లే" అందామె. "ముక్కు గదే ముక్కు. దా, కూసో."

ఆ రోజు ఫోన్ పెట్టేసిన కాసేపటికే అక్క మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పేసిందట. "ఇంక ఆయనను ఏమడగకు అని నేనే దీనికి చెప్పిన. నాకు తెల్సినట్టు తెల్వనియ్యకు అని గూడ చెప్పిన" అంది ఆమె.

"మీకు కోపం రాలేదా?" నా తెలుగు తడబడింది.

"రాక? రెండు దినాలు అన్నం సయించలే. నన్ను మరిచిండని కాదు. నా బిడ్డ కోటేసుకొని వండుకునుడు కండ్లతోని చూస్తి గద." కాసేపు శాలువా అంచు సర్దుకుంది. "కని మీ నాయినకు మొదటి సంది సిగ్గు జాస్తి. మా ఇంట్ల ఉన్నప్పుడు కామెర్లొచ్చినయి. ఆకలైతుందని చెప్పడు. తలుపు పెట్టుకొని గోడదిక్కు మల్లి పండుకునేటోడు. నేనే పోయి, లే పిలగా, అని కూసోబెట్టి తినిపిస్తి. అటువంటోన్ని ఎవలన్న లేపాలె బిడ్డా. ఆయనంతల ఆయన లేవడు."

మర్నాడు నేను అమ్మానాన్నల దగ్గరికి మార్కమ్ వెళ్తున్నానని మాటల్లో చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మడత పెట్టిన రేకు కాగితంలో సర్వపిండి, బియ్యప్పిండితో కాల్చిన వాళ్ళ ఊరి రొట్టె, ఇచ్చి పంపింది. విమానంలో నా ఒళ్ళోంచి నువ్వుల, వెల్లుల్లి వాసన వస్తుంటే పక్కవాళ్ళు చూశారు. దాచుకోలేదు.

నాన్న అప్పటికే రిటైరయ్యాడు. పొట్లం ఆయన చేతికిచ్చి ఎవరు పంపారో చెప్పాను. చాలాసేపు విప్పలేదు. తర్వాత తానే పెనం పెట్టి వేడి చేసుకున్నాడు.

"ఏమన్నా అన్నదా?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా. లే, తిను అంది."

ఆ తర్వాతైనా ఆమెకు ఫోన్ చేశాడో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆ రోజు మాత్రం అక్కడే నిలబడి, మాకు వీపు చూపిస్తూ, వేళ్ళతో తుంచుకుని తినడం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. మధ్యలో ఆగేవాడు, మళ్ళీ తుంచేవాడు. చివరి ముక్కదాకా తిన్నాడు. అమ్మా నేనూ బల్ల దగ్గర కూర్చునే ఉన్నాం. ఇటు తిరగమని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.